మేడ మీద వాటా: అద్దె ఇంటి అసలు లెక్క

ఇల్లు కట్టి అద్దెకిద్దామనుకుంటున్న కొత్తవాళ్లతో ఈ పూట నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. మన కోనసీమ కొత్తపేటలో, పలివెలలో, వాడపాలెంలో, రావులపాలెం దాకా రోడ్డుకు అటూ ఇటూ గడిచిన పాతికేళ్లలో లేచిన మేడలు చూసినవాళ్లకు ఆ కొత్తవాళ్లెవరో వేరే చెప్పనక్కర్లేదు. కింద సొంతవాళ్లు, పైన రెండు వాటాలు, గేటుకు టు-లెట్ బోర్డు. ఆ మేడల్లో చాలావాటి సిమెంటూ ఇనుమూ కువైట్ నుంచి, ఖతర్ నుంచి, దుబాయ్ నుంచి వచ్చిన డబ్బుతో కొన్నవే. అందులో మన ఆడవాళ్ల కష్టం చాలా ఉంది. పరాయి దేశంలో, పరాయి ఇంట్లో వంట చేసి, వాళ్ల పిల్లల్ని ఎత్తుకుని పెంచి, సొంత పిల్లల్ని ఫోన్‌లో చూసుకుంటూ దాచిన దీనార్లవి. తిరిగి వచ్చాక నెలనెలా ఏదో కొంత చేతికి రావాలి, ఎవరి ముందూ చెయ్యి చాపకూడదు అన్నదే ఆ మేడ మీద వాటాల వెనక ఉన్న ఆలోచన. మంచి ఆలోచనే. కాని ఆ లెక్క వేసుకోవడంలో చాలామంది పొరపడుతున్నారు. కష్టార్జితం కాబట్టే ఆ లెక్క గట్టిగా వేసుకోవాలని నా ఆరాటం.

ముందు ఒక ఉదాహరణ తీసుకుందాం. స్థలం సొంతదే అనుకోండి. మేడ మీద రెండు వాటాలు వేయడానికి, మెట్లు, నీళ్ల ట్యాంకు, కరెంటు పని, రంగులు అన్నీ కలిపి 30 లక్షలు అయిందనుకోండి. ఒక్కో వాటాకి నెలకు 6,000 అద్దె. రెండింటికీ 12,000. ఏడాదికి లక్షా 44 వేలు. ఇంతవరకు అందరూ వేసుకునే లెక్కే. దీని మీదే బంధువుల దగ్గర మాట, దీని మీదే అప్పు, దీని మీదే కొడుకు చదువు.

ఇప్పుడు ఇల్లు తినేది తీసేద్దాం. ఏ వాటా అయినా ఏడాది పొడుగునా నిండి ఉండదు, ఒక నెల ఖాళీ పడిందనుకోండి. రెండు వాటాలకీ కలిపి 12,000 పోయాయి. మనిషి మారినప్పుడల్లా రంగులు, కుళాయిలు, తలుపు గడియలు, మోటారు రిపేరు, మూడు నాలుగేళ్లకోసారి వచ్చే పెద్ద పని, ఇవన్నీ ఏడాదికి సర్దితే 25,000 అనుకోవచ్చు. ఇంటి పన్ను, మెట్ల మీద దీపాలకీ నీళ్ల మోటారుకీ అయ్యే కరెంటు, సెప్టిక్ ట్యాంకు తోడించడం, ఇంటి బీమా, ఇవి మరో 10,000. మిగిలింది 97 వేలు. నెలకు 8,000 అన్నమాట. 30 లక్షల మీద మూడుంపావు శాతం.

పోలిక కోసం చెబుతాను. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీము వడ్డీని 2023 ఏప్రిల్‌లో 7.4 శాతంగా నిర్ణయించారు. భార్యాభర్తలు ఉమ్మడిగా 15 లక్షల దాకా అందులో వేసుకోవచ్చు. ఆ లెక్కన నెలకు 9,250 వస్తుంది. అంటే మేడకి పెట్టినదాంట్లో సగం డబ్బు, మెట్లు కడగక్కర్లేకుండా, మేస్త్రిని పిలవక్కర్లేకుండా మేడ కంటే ఎక్కువే తెస్తోంది. ఈ స్కీములో ప్రవాసులు చేరలేరు, ఇక్కడున్నవాళ్లకే. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి బ్యాంకులో ఎన్ఆర్ఈ డిపాజిట్ ఉంది, దాని వడ్డీకి మన దేశంలో పన్ను లేదు. ఇల్లు కట్టొద్దని ఈ లెక్క చెప్పడం లేదు. డిపాజిట్ వడ్డీ ఎదగదు, అద్దె ఎదుగుతుంది. ఇల్లుంటే అవసరానికి తల దాచుకోవచ్చు, పిల్లలకు మిగులుతుంది, ఊళ్లో గౌరవం ఉంటుంది. అయితే ఆ గౌరవానికి ఎంత ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

అప్పు చేసి కట్టేవాళ్ల సంగతి ఇంకా చూడాలి. 20 లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా దాదాపు 17,400. రెండు వాటాలూ నిండి ఉన్నా అద్దె 12,000. మిగతా 5,400 చేతినుంచి పడాలి, వాటా ఖాళీగా ఉంటే ఇంకా పడాలి. మొదటి ఏడాది కట్టే వాయిదాల్లో దాదాపు లక్షా 69 వేలు వడ్డీకే పోతుంది. ‘అద్దెతో అప్పు అదే తీరిపోతుంది’ అని చెప్పేవాళ్లు మనకి ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఈసారి ఎవరైనా ఆ మాటంటే కాగితం, కలం ఇచ్చి లెక్క వేసి చూపించమనండి.

తాము కట్టకుండా, కట్టిన ఇల్లు కొనేవాళ్లకు మొదటి దెబ్బ రిజిస్ట్రేషన్ రోజునే తగులుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం, మొత్తం ఏడున్నర. 30 లక్షల ఆస్తికి రెండు లక్షల పాతిక వేలు. మధ్యవర్తి కమీషను, దస్తావేజు రాసినవాళ్ల రుసుము దీనికి బయట. ఈ రెండు లక్షల పాతిక వేలు తిరిగి రావాలంటే ఇందాకటి నికర అద్దె రెండేళ్లకు పైగా వసూలు కావాలి. బేరం కుదిరిన సంతోషంలో ఈ డబ్బు లెక్కలోకి రాదు, చివరి వారంలో బంగారం తాకట్టు పెట్టి తెస్తారు.

డబ్బు కట్టే ముందు చూడాల్సిన కాగితాల గురించి అందరూ చెబుతారు గనుక త్వరగా ముగిస్తాను. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, తీయించండి, అదీ పదేళ్లకి కాదు, ముప్పై ఏళ్లకి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూమి అయితే, ధర ఎంత తక్కువైనా దాని జోలికి వెళ్లొద్దు, 1977 నాటి చట్టం మామూలుగా ఆ అమ్మకాన్ని గుర్తించదు. పాత యజమాని కరెంటు బిల్లు బాకీ ఉన్నాడేమో అడగండి. ఆస్తి కొన్న కొత్త యజమాని నుంచి కూడా, నిబంధనల్లో ఆ వీలుంటే, పాత బాకీ రాబట్టుకోవచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆఖరి నెల బిల్లు రసీదు చూపించమని అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

కాగితాల్లో లేని సంగతి ఒకటుంది, మన లంకల నేల మీద ఇల్లు కొనేవాళ్లు తప్పక అడగాల్సింది. 1986 ఆగస్టు వరదలో నీళ్లు ఇక్కడ ఎంత ఎత్తున నిలిచాయి? ఆ వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు నమోదైంది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. 17 లక్షల 75 వేలు దాటితేనే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. 86 వరద చూసిన పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఇంకా ఉన్నారు. గోడ మీద చెయ్యి పెట్టి ఇక్కడిదాకా అని చూపిస్తారు. ఆ చెయ్యి మీ ఇంటి అరుగు కంటే పైన ఉంటే, కింది వాటాకి ఎంత అద్దె వస్తుందో, ఎన్నాళ్లకోసారి అది ఖాళీ అవుతుందో మళ్లీ లెక్క వేయండి. 1996 నవంబరు 6 తుపాను వచ్చినప్పుడు కొబ్బరిచెట్లు ఎన్ని ఇళ్ల మీద పడ్డాయో కూడా వాళ్లే చెబుతారు.

ఈ వరదా తుపానుల కోసమే ఇంటికి బీమా ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ భారత్ గృహ రక్ష అనే ఒకే తరహా పాలసీ అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ నిర్దేశించింది. వరద, తుపాను, అగ్నిప్రమాదం, చెట్టు కూలి ఇంటి మీద పడడం లాంటివి దానిలోకి వస్తాయి. అలాంటి నష్టంతో ఇల్లు ఉండడానికి పనికిరాకుండా పోతే, ఆ కాలంలో పోయిన అద్దెకు కూడా అందులో వీలుంది. బండికి ఏడాదికి ఒకసారి బీమా కట్టే మనం, 30 లక్షల ఇంటికి కట్టం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. జీవితకాలపు సంపాదన మొత్తం ఒకే గోడల్లో పెట్టి, ఆ గోడల్ని గాలికి వదిలేస్తున్నాం.

ఇక ఇంటి ఒంటి సంగతి. డెల్టాలో నేల కిందే నీళ్లుంటాయి. పునాదిలో చెమ్మ ఆపే పొర సరిగా వేయకపోతే, రెండు వానాకాలాలు గడిచేసరికి నడుము ఎత్తు దాకా గోడ ఉబ్బి, లప్పం పెచ్చులుగా రాలుతుంది. దాని మీద మళ్లీ రంగు వేస్తే ఆరు నెలలు ఆగుతుంది. అద్దెకున్నవాళ్లు గోడ పాడుచేశారని ఇంటివాళ్లంటారు, ఇల్లే చెమ్మదని వాళ్లంటారు. తొంభై పాళ్లు వాళ్లమాటే నిజం. అడ్వాన్సులోంచి రంగుల డబ్బు కోయడం దగ్గర వచ్చే తగాదాలన్నీ ఇక్కడ మొదలవుతాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో, రాజోలు, సఖినేటిపల్లి వైపు, ఉప్పుగాలికి స్లాబులో ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటు పగిలి ఊడుతుంది. కొత్తపేట సముద్రానికి దూరమే గాని, ఇసుక సరిగా కడక్కుండా, కాంక్రీటు సరిగా తడపకుండా చేసిన స్లాబుకి సముద్రం అక్కర్లేదు, వానే చాలు. కట్టేటప్పుడు మేస్త్రితో బేరమాడి మిగిల్చిన పాతికవేలు, పదేళ్ల తరవాత రెండు లక్షల రిపేరుగా తిరిగి వస్తుంది. అద్దె కోసం కట్టే ఇంటికి సొంతానికి కట్టే ఇంటికంటే గట్టి పని కావాలి. కాని మన దగ్గర జరిగేది దానికి తిరుగు. ‘ఎలాగూ అద్దెకేగా’ అని చౌక కుళాయిలు, చౌక తలుపులు పెడతారు. వాడేది పరాయివాళ్లు, మార్చేది ఇంటివాళ్లే, ఖర్చు తడిసి మోపెడవుతుంది.

సెప్టిక్ ట్యాంకు కూడా అంతే. ఒక కుటుంబానికి తవ్విన ట్యాంకు మీద మూడు కుటుంబాల్ని పెడితే, శ్రావణ భాద్రపదాల వానలకి నేలలో నీరు పైకి వచ్చినప్పుడు అది పొంగుతుంది. అప్పుడు ట్యాంకు లారీ దొరకడమే గగనం, ఎందుకంటే ఊరంతా ఒకేసారి పిలుస్తుంది. వేసవిలో ఇంకో కష్టం. మధ్య డెల్టా కాలువలు కట్టేసిన రోజుల్లో పంచాయతీ కుళాయి నీళ్లు తగ్గుతాయి. బోరు నీళ్లు ఒక వీధిలో తియ్యగా, పక్క వీధిలో ఇనుప వాసనతో ఉంటాయి. నీళ్లు బాగా లేని ఇంట్లో ఎవరూ నిలవరు. ఇల్లు కట్టబోయే ముందు బోరు వేసి నీటిని పరీక్ష చేయించుకోవడం ఖర్చు కాదు, అద్దెకి పునాది.

కరెంటు దగ్గర చాలామందికి తెలియని నష్టం ఒకటి చెబుతాను. రెండు వాటాలకీ ఒకే మీటరు ఉంచి, బిల్లు సగం సగం పంచుకోమనడం మన దగ్గర ఉన్నదే. మన రాష్ట్రంలో ఇళ్లకు కరెంటు శ్లాబుల్లో లెక్క కడతారు. 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూపాయి తొంభై పైసలు, 75 దాకా మూడు రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా ఆరు, ఆపైన 400 దాకా ఎనిమిది రూపాయల డెబ్భై ఐదు పైసలు. ఒక్కో కుటుంబం నెలకు 120 యూనిట్లు వాడితే, వేరు వేరు మీటర్లుంటే ఇద్దరికీ కలిపి 789 రూపాయలు. ఒకే మీటరైతే 240 యూనిట్లకి 1,148. ఇతర చార్జీలు కలపకుండానే నెలకు 359 రూపాయలు ఎవరికీ ఉపయోగం లేకుండా పోతున్నాయి. దానికి తోడు పైవాళ్లకి ఏసీ ఉంది, మాకు లేదు అన్న గొడవ ప్రతి నెలా. విశాఖ కేంద్రంగా పనిచేసే ఈపీడీసీఎల్ మనకి కరెంటు ఇచ్చే సంస్థ. వాటా వాటాకి వేరే సర్వీసు కోసం ఇల్లు కట్టేటప్పుడే దరఖాస్తు పెట్టుకోండి. సర్వీసు మీ పేరు మీదే ఉంటుంది కాబట్టి, వెళ్లిపోయేవాళ్లు వదిలేసిన బిల్లు కూడా మీదే అవుతుంది. తాళం తీసుకునే రోజున మీటరు రీడింగు ఫొటో తీసి, ఆనాటివరకు లెక్క కట్టి తీసుకోండి.

ఖాళీ నెలల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్తపేటకి ఇది ప్రత్యేకం. 2022లో కోనసీమ జిల్లా వచ్చింది, కొత్తపేట రెవెన్యూ డివిజను కేంద్రమైంది. దాంతో ఇక్కడ అద్దెకు దిగేవాళ్లలో ఉద్యోగులు పెరిగారు. రెవెన్యూ వాళ్లు, సచివాలయాల వాళ్లు, బ్యాంకుల వాళ్లు, టీచర్లు, ఆసుపత్రిలో నర్సులు. మంచి అద్దెదారులు, నెల మొదట్లోనే డబ్బిస్తారు. అయితే వాళ్లకు బదిలీలుంటాయి. అవి ఎక్కువగా మే, జూన్ నెలల్లో వస్తాయి. వెనకాలే ఆషాఢం. ఆషాఢంలో ఎవరూ కొత్త ఇంట్లో పాలు పొంగించరు. అంటే జూన్ మొదట్లో వాటా ఖాళీ అయితే, కొత్తగా వచ్చిన ఉద్యోగి ఆషాఢం రాకముందే దిగాలని చూస్తాడు. మీరు రంగులవాడి కోసం పదిహేను రోజులు ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ మనిషి ఇంకో ఇల్లు చూసుకుంటాడు, మీ ఇల్లు శ్రావణం దాకా ఖాళీ. భాద్రపదం, పుష్యం కూడా అంతే, మూఢాలు వస్తే మరీనూ. ఇది నమ్మకమా కాదా అన్న చర్చ ఇక్కడ అనవసరం, ఇల్లు మారేవాళ్లు పాటిస్తున్నారు గనుక మీ అద్దె మీద దాని ప్రభావం ఉంది. ఉగాదికి పంచాంగం కొన్నప్పుడే ఆ ఏడాది శూన్యమాసాలు, మూఢాలు చూసుకుని, బదిలీ అయ్యే ఉద్యోగిని ఏప్రిల్‌లోనే అడిగి తెలుసుకుని, రంగులవాడికి ముందే చెప్పి ఉంచుకున్నవాళ్లకి ఏడాదిలో ఒక నెల అద్దె మిగులుతుంది.

ఖాళీలకి ఇంకో కారణం మనమే. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లని గేటు దగ్గరే ‘మీరేమిట్లండీ?’ అని అడుగుతాం. కులం చూసి, వంట చూసి, పెళ్లయిందా లేదా చూసి ఇల్లిస్తాం. ఒంటరి కుర్రాళ్లకు ఇల్లివ్వరన్న సంగతి మీద ‘చిత్రం భళారే విచిత్రం’ అని ఒక సినిమానే వచ్చింది, నవ్వుకున్నాం, మారలేదు. దళిత కుటుంబం నుంచి వచ్చిన టీచరమ్మ, చేతిలో అపాయింట్‌మెంట్ ఆర్డరు పెట్టుకుని నాలుగు వీధులు తిరిగి, చివరికి రోజూ ఇరవై కిలోమీటర్లు బస్సులో వచ్చిపోవడం అన్యాయం. మన పిల్లలకి పాఠం చెప్పే మనిషికి మన మేడ మీద చోటు లేదనడం కన్నా తలవంపులు ఇంకొకటి లేదు. కువైట్‌లోనూ దుబాయ్‌లోనూ మనవాళ్లు ఎవరి ఇళ్లలో ఉంటున్నారో, అక్కడ మనల్ని గేటు దగ్గర నిలబెట్టి అడిగితే ఎలా ఉంటుందో గల్ఫ్ డబ్బుతో ఇల్లు కట్టినవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. అద్దె ఇవ్వగలరా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా, ఇంతకుముందు ఉన్న ఇంటివాళ్లు ఏమంటున్నారు, అడగాల్సింది ఈ మూడే.

అడ్వాన్సు విషయం. మన వైపు రెండు, మూడు నెలల అద్దె తీసుకుంటారు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాసానికి రెండు నెలలు మించి తీసుకోకూడదంటుంది. ఎంత తీసుకున్నా అది మీ డబ్బు కాదండి. ఇల్లు కట్టడం చివర్లో చేతిలో పైసా లేనప్పుడు అడ్వాన్సు వస్తే గేటుకో గ్రిల్‌కో ఖర్చయిపోతుంది. ఏడాది తరవాత వాళ్లు ఖాళీ చేస్తామంటే తిరిగివ్వడానికి చెయ్యి ఆడదు. కొత్తవాళ్లు వస్తే ఇస్తాం అంటారు, కొత్తవాళ్లు ఆషాఢం అంటారు. వెళ్లేవాళ్లు ఆ కోపంతో ఆఖరి రెండు నెలలు అద్దె ఇవ్వరు. ఆ డబ్బుని విడిగా బ్యాంకులో వేసి ముట్టుకోకుండా ఉంచండి.

కాగితం లేకుండా ఇల్లివ్వొద్దు. చుట్టాలైనా, స్నేహితులైనా, ‘మనలో మనకి కాగితాలేంటి’ అన్నా. ఏడాది మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది, అందుకే 11 నెలల కాగితాలు వాడుకలోకి వచ్చాయి. అందులో అద్దె, అడ్వాన్సు, ఏటా ఎంత పెంచుతారు, రంగుల ఖర్చు ఎవరిది, నీళ్ల మోటారు బిల్లు ఎవరిది, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవన్నీ రాయండి. మన ఊళ్లకి ఇంకొక పంక్తి కావాలి. పెరట్లో కొబ్బరిచెట్లు ఎవరివి? దింపు తీయించే రోజున మనిషి పెరట్లోకి రావచ్చా? రాలిన కాయ ఎవరు తీసుకుంటారు? వినడానికి చిన్న విషయాలే. ఈ రెండు కాయల దగ్గరే మంచి అద్దెదారులతో మాట పట్టింపు వచ్చి ఇళ్లు ఖాళీ అయ్యాయి.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెకున్నవాళ్ల సొంతమైపోతుందని చాలామందికి భయం. ఆ భయంతో మంచి కుటుంబాన్ని కూడా మూడేళ్లకోసారి మార్చేస్తుంటారు, ప్రతి మార్పుకీ రంగులు, ఖాళీ నెలలు. నిజానికి అద్దె కడుతూ ఉన్న మనిషి, మీ అనుమతితో ఉన్న మనిషి, ఎన్నేళ్లున్నా ఇంటివాళ్ల హక్కుని కాదనలేడు. కాగితం, అద్దె బ్యాంకు ద్వారా వచ్చినట్టు ఆధారం ఉంటే చాలు. నమ్మకంగా ఉండే కుటుంబం పదేళ్లుంటే అది మీ అదృష్టం. అద్దె రెండొందలు తక్కువైనా వదులుకోవద్దు.

ఒకవేళ ఎవరైనా అద్దె ఇవ్వక, ఖాళీ చేయక ఇబ్బంది పెడితే, నీళ్లు ఆపడం, కరెంటు పీకడం, సామాన్లు బయట పడేయడం చేయొద్దు. అప్పుడు తప్పు మీ మీదకి వస్తుంది. నెలవారీ అద్దెకు ఉన్నవాళ్లకి 15 రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్పింది. ఆ తరవాత కోర్టు. దానికి పట్టే కాలం, వకీలు ఫీజు కూడా ఈ వ్యాపారంలో ఖర్చే. మొదట్లో నాలుగు రోజులు ఆలస్యమైనా మంచి మనిషిని చూసి ఇవ్వడమే చవక.

ఇప్పుడు పన్ను. ఇక్కడే నివసించేవాళ్లకి సులువు. వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన ఇంటి పన్ను పోను, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతులూ ఇతర ఖర్చుల కింద రసీదులు అడక్కుండానే చట్టం తీసేస్తుంది. మిగతా 70 పాళ్లే ఆదాయం. అప్పు వడ్డీ కూడా తగ్గించుకోవచ్చు. అయితే కొత్త పన్ను విధానంలో ఇంటి మీద వచ్చిన నష్టాన్ని జీతం నుంచి తీసేసుకోవడానికి వీల్లేదు. పాత విధానంలో ఏడాదికి రెండు లక్షల దాకా వీలుంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి వేరే. అక్కడ జీతం మీద పన్ను లేదు గనుక ఇక్కడ అద్దెకీ లేదనుకుంటారు. ఇక్కడి ఇంటి మీద వచ్చే అద్దెకి ఇక్కడే పన్ను. పైగా ఇంటి యజమాని ప్రవాసి అయితే, అద్దె ఎంత చిన్నదైనా, ఇచ్చేవాళ్లు ముందే 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, అంటే 31.2 శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. 50,000 దాటితేనే అన్న పరిమితి ఇక్కడుండే యజమానులకి, ప్రవాసులకి కాదు. పల్లెటూళ్లో చిన్న వాటాకి ఇది ఎవరూ పాటించడం లేదు నిజమే. కాని కింద అంతస్తు ఏ బ్యాంకు శాఖకో, కంపెనీకో ఇచ్చినప్పుడు వాళ్లు తప్పకుండా కోస్తారు, అప్పుడు అద్దె మూడోవంతు తగ్గి వచ్చిందని గుండె జారిపోతుంది. ఆ డబ్బు పోలేదండి. మన దేశంలో మీ మొత్తం ఆదాయం పన్ను పరిమితి లోపల ఉంటే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో ఆ పరిమితి 4 లక్షలు. 12 లక్షల దాకా పన్ను లేదని మీరు విన్న మాట రిబేటు వల్ల వచ్చింది, ఆ రిబేటు ప్రవాసులకు వర్తించదు. పాన్ కార్డు, అద్దె జమకి ఎన్ఆర్ఓ ఖాతా, ఏటా రిటర్ను, ఈ మూడూ ఉంచుకోవాలి. ఇల్లు అమ్మే రోజున కూడా కొన్నవాళ్లు టీడీఎస్ కోస్తారు, ముందుగా దరఖాస్తు చేసుకుంటే తక్కువ కోతకి ధ్రువపత్రం ఇస్తారు.

ఆడపడుచులకు ప్రత్యేకంగా ఒక మాట. డబ్బు మీరు పంపి, దస్తావేజు అన్నయ్య పేరునో, మరిది పేరునో ఉంటే, రేపు మీరు తిరిగి వచ్చినప్పుడు ఆ ఇంటి మీద మీకు చెప్పుకోదగ్గ హక్కు మిగలకపోవచ్చు. బినామీ చట్టం 2016 సవరణ తరవాత మరీ గట్టిపడింది. ‘డబ్బు నాది, పేరు వాళ్లది’ అని కోర్టుకెళ్లినా నిలవడం కష్టం. అయినవాళ్ల మీద ప్రేమ ఎంతున్నా, ఇల్లు మీ పేరు మీద పెట్టించుకోండి. మీరు లేని రోజుల్లో అద్దె వసూలుకీ, రిపేర్లకీ, పంచాయతీ పనులకీ ఒకరికి పవరాఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. అందులో ఏయే పనులకో స్పష్టంగా రాయించండి, అమ్మే అధికారం అవసరం లేకుండా ఇవ్వొద్దు. కువైట్‌లోనో దుబాయ్‌లోనో రాయిస్తే మన రాయబార కార్యాలయంలో ధ్రువీకరించాలి. ఆ కాగితం ఇండియాకి చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి, గడువు దాటితే జరిమానా. వసూలు చేసి పెట్టే ఆ తమ్ముడికో, బాబాయికో అద్దెలో కొంత కచ్చితంగా ఇవ్వండి. నెలకు ఐదారు వందలైనా సరే. ఊరికే చేయించుకున్న పనికి జవాబుదారీ ఉండదు, మాట పడాల్సి వస్తుంది. ఆ డబ్బు కూడా నేను మొదట చెప్పిన లెక్కలో తీసివేయాల్సిందే. అప్పుడు 97 వేలు 90 వేలవుతుంది.

సంక్రాంతి ప్రభల తీర్థానికి సెలవు మీద వచ్చేవాళ్లు ఈసారి ఒక పూట మీ వాటాలు చూసి రండి. అద్దెకున్నవాళ్లకి ముందు చెప్పి, వాళ్లు రమ్మన్న సమయానికి వెళ్లండి. చెమ్మ ఎక్కడుందో వాళ్లనే అడగండి, ఆ ఇంట్లో ఉంటున్నది వాళ్లు. మోటారు ఎన్నాళ్లకోసారి ఆగుతోందో, వానలకి ట్యాంకు పొంగిందో లేదో చెబుతారు. ఇంటి పన్ను రసీదు, కరెంటు సర్వీసు నంబర్లు, ఒప్పందం కాగితం, బీమా పాలసీ ఒక కవరులో పెట్టి, ఫొటోలు మీ ఫోన్‌లో ఉంచుకోండి. విమానం ఎక్కే ముందు రంగులవాడి నంబరు, ప్లంబరు నంబరు పైవాటా వాళ్లకి ఇచ్చి వెళ్లండి.